ఏజెంటు దొరికాడా, చిన్నమ్మా?

మా అక్క కూతురు డాలస్‌లో ఉంటుంది. ఆదివారం పొద్దున, అంటే వాళ్లకి శనివారం రాత్రి, ఫోను చేసి వానలూ పంటలూ మోకాళ్ల నొప్పులూ అన్నీ అడిగాక, "చిన్నమ్మా, నవల పూర్తయిందన్నావు కదా, ఏజెంటు దొరికాడా?" అంది. ఫోను స్పీకర్లో పెట్టి నేను చిక్కుడుకాయలు బాగుచేస్తున్నాను. పక్క గదిలో జపం చేసుకుంటున్న మా అత్తమ్మ చెవిన మిగతా మాటలేవీ పడలేదు గాని, ఆ ఒక్క మాటా పడింది. మాల పీట మీద పెట్టి లేచి వచ్చింది.

"ఏజెంటా? ఎవరు పోతున్నరే దుబాయికి? చిన్నోడు గిట్ట పోతనంటున్నడా? నాకెందుకు చెప్పలేదు మీరు?"

ఆవిణ్ణి తప్పు పట్టకండి. మా నిజామాబాద్ జిల్లాలో ఏజెంటు అనే మాట పలికితే ఇంట్లో ఆడవాళ్ల గుండె జారుతుంది. ఎల్లైసీ ఏజెంటు వస్తే మంచినీళ్లిస్తాం, విత్తనాల ఏజెంటు వస్తే కుర్చీ వేస్తాం గాని, గల్ఫు ఏజెంటు వస్తే మాత్రం ముందు మెడలో గొలుసు తడుముకుంటాం. పాస్‌పోర్టు పట్టుకుపోయినవాడూ, వీసా వచ్చిందని చెప్పి బొంబాయిలో వదిలేసినవాడూ, కంపెనీలో పని అని ఎడారిలో ఒంటెల దగ్గర నిలబెట్టినవాడూ, ఇలాంటి కథ ఒక్కటైనా తెలియని ఊరు మా వైపు లేదు. డబ్బు ముందు తీసుకుని పని తర్వాత చూపించేవాడే ఏజెంటు, మా అత్తమ్మ నిఘంటువులో.

ఆవిడ నిఘంటువే సరైనదని తెలుసుకోవడానికి నాకు రెండు తులాల గొలుసూ మూడేళ్ల కాలమూ పట్టింది. ఆ కథే ఇప్పుడు చెబుతున్నాను. కథ అని ఊరికే అన్నాను, ఇది తగువే. ఎవరితో అంటే చాలామందితో. చివరికి మీతో కూడా.

ముందు మా అమ్మాయి అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం. పిల్ల అమాయకంగా అడగలేదు. అక్కడ అదే పద్ధతి. లండన్‌లోనూ న్యూయార్కులోనూ నవల రాసినవాళ్లు తిన్నగా ప్రచురణకర్త గుమ్మం ఎక్కరు. ముందు ఒక సాహిత్య ఏజెంటుకి ఉత్తరమూ మొదటి మూడు ప్రకరణాలూ పంపుతారు. వాళ్లకి నచ్చితే పుస్తకాన్ని భుజాన వేసుకుని ప్రచురణకర్తల చుట్టూ తిరుగుతారు, బేరమాడతారు, కాగితాలు రాయిస్తారు, రచయితకి వచ్చిన డబ్బులో నూటికి 15 చొప్పున తాము తీసుకుంటారు. ఆ "వచ్చిన డబ్బులో" అన్న మాట కింద గీత గీసుకోండి. రానిదే తీసుకోరు. నవల చదవడానికి ఫీజు అడిగే ఏజెంటుని అక్కడ దొంగల జాబితాలో వేస్తారు. హారీ పోటర్ మొదటి పుస్తకాన్ని రౌలింగ్ 1995లో అలాగే ఒక లండన్ ఏజెంటుకి పంపింది. పన్నెండుమంది ప్రచురణకర్తలు వద్దన్నాక ఒక్కరు సరేనన్నారు. 1997లో అట్ట బైండు వేసినవి 500 కాపీలు! అదే ఏడాది మన అరుంధతీ రాయ్ మొదటి నవల వచ్చింది. ఆ రాతప్రతి చదివి లండన్ నుంచి ఏజెంటు ఢిల్లీకి విమానమెక్కి వచ్చాడని చెప్పుకుంటారు.

మోస్రాకి ఎవరూ విమానమెక్కి రారు. బోధన్ నుంచి బస్సెక్కి కూడా రారు. ఎందుకు రారో మా ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఆయన లెక్కల మాస్టారు, నా సాహిత్యం మీద వేరే అభిప్రాయాలు లేవు గాని లెక్క మీద మాత్రం ఉన్నాయి. తెలుగు నవల వెల 200 రూపాయలనుకో. 500 కాపీలు వేశారనుకో. అన్నీ అమ్ముడుపోయాయనే అనుకో (ఇక్కడ ఆయన నవ్వాడు). లక్ష రూపాయలు. రచయితకి నూటికి 10 చొప్పున రాయల్టీ ఇచ్చారనే అనుకో (మళ్లీ నవ్వాడు). 10 వేలు. అందులో నూటికి 15 అంటే 1,500. ఈ 1,500 రూపాయల కోసం ఏడాదిపాటు నీ నవల నెత్తిన పెట్టుకుని హైదరాబాదూ విజయవాడా తిరిగేవాడు ఎవడైనా ఉంటే, వాడు ఏజెంటు కాదు, నీ మేనమామ అయ్యుండాలి.

అందుచేత తెలుగు నవలకి ఏజెంటు లేడు. పోనీ, మొదటినుంచీ అంతేనా? కాదు. ఒకప్పుడు మనకి ఏజెంటు అక్కర్లేదు, ఎందుకంటే ఆ పని వారపత్రికే చేసేది.

ఇది ముసలమ్మ కబుర్లనుకోకండి. నాకింకా యాభై రాలేదు. మా అమ్మ పెట్టెలో దొరికిన, సీరియళ్లు చింపి కుట్టిన పుస్తకాలు చదివి పెరిగినదాన్ని. ఎక్కడో ఊళ్లో కూచున్న ఆడమనిషి, కాగితానికి ఒకవైపు రాసి, తిరుగు స్టాంపులు జతచేసి పోస్టులో పడేస్తే చాలు. కోడూరి కౌసల్యాదేవి "చక్రభ్రమణం" ఆంధ్రప్రభ నవలల పోటీలో గెలిచింది. 1964లో అదే "డాక్టర్ చక్రవర్తి" సినిమా అయింది. యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ" జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, పుస్తకమై, 1976లో సినిమా అయింది. అప్పుడు మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాసేవారంటే మార్కెట్టు ఎలా ఉండేదో ఆలోచించండి! బీనాదేవి పేరు వెనక భార్యాభర్తలిద్దరూ ఉన్నారని ఎంతోమంది పాఠకులకి తెలియనే తెలియదు. ఈ రచయిత్రులు ఎవరికీ ఎదురు డబ్బివ్వలేదు. పత్రికే పారితోషికం పంపేది. తర్వాత ప్రచురణకర్త వచ్చి పుస్తకం అడిగేవాడు. అద్దె పుస్తకాల షాపువాడు ఒక్కో కాపీని అట్టలూడిపోయేదాకా తిప్పేవాడు.

అయితే ఒకటి. ఆ స్వర్ణయుగం అందరికీ స్వర్ణం కాదు. ఆ సీరియళ్లలో మా ఊరి మాట వినబడేది కాదు. వినబడితే పనిమనిషి నోటనో, సినిమాలో లాగా ఏ రౌడీ నోటనో. మా వైపు నవల రాసినవాళ్లు ఏం చేశారో చూడాలంటే వట్టికోట ఆళ్వారుస్వామిని చూడాలి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే వేసి, తానే మోసి, తానే ఊరూరా తిరిగి అమ్మినవాడు. మా నిజామాబాద్ ఖిల్లా జైల్లో దాశరథితో కలిసి ఉన్నవాడు. ఆయన నవల "ప్రజల మనిషి" 1955లో వచ్చింది. ఆయనకి ఏ ఏజెంటు ఉన్నాడు? ఆయన సంచే ఆయన ఏజెంటు.

ఇప్పుడు ఆ పత్రికలేవి? 1908లో పుట్టిన ఆంధ్రపత్రిక 1991లో మూతబడింది. ఉన్నవాటిలో చాలా మట్టుకి కరోనా వచ్చిన 2020లో అచ్చు ఆపేశాయి. మిగిలిన కొద్ది పత్రికల్లో కొత్త రచయిత్రికి సీరియల్ ఇవ్వడమంటే పెద్ద సాహసం. పాత దారి మూసుకుపోయింది, కొత్త దారి వేసినవాళ్లు లేరు. దారి లేని చోట దారి చూపిస్తానని చెప్పి టోలు వసూలు చేసేవాళ్లు మాత్రం బయలుదేరారు. నా తగువు వాళ్లతో.

నా నవల సంగతి చెప్పాలి. మాది చెరుకు కుటుంబం. నిజాంసాగర్ కాలువ కింద పొలం. మా నాయిన చెరుకు బండి బోధన్ శక్కర్‌నగర్ దాకా తోలేవాడు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1938 ప్రాంతాల్లో మొదలై, ఒకనాడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు తెచ్చుకుని, 2002లో ప్రైవేటు చేతిలోకి పోయి, 2015 డిసెంబరులో ఆగిపోయింది. ఆ ఆగిపోయిన సాయంత్రం మా ఊళ్లో ఎవరూ ఏడవలేదు. సైరను వినబడలేదని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంతే. అప్పుడు మొదలుపెట్టాను నవల. ఆ సైరనుతో పొయ్యి వెలిగించుకునే ఒక ఆడమనిషి కథ. బి.ఏ. చదివి ఇరవై ఏళ్లయినా ఉత్తరాలు తప్ప ఏమీ రాయనిదాన్ని, మూడేళ్లలో పదకొండు లాంగ్ నోటుబుక్కులు నింపాను. పగలు వంటా బడి పిల్లల ట్యూషనూ. రాత్రి పదిన్నర తర్వాత నవల. కరెంటు పోతే ఫోను వెలుగులో. పాత్రలు చచ్చిపోయే ప్రకరణాలన్నీ కరెంటు లేని రాత్రుల్లోనే రాశానని తర్వాత గమనించాను.

తర్వాత టైపు. నిజామాబాద్ బస్టాండు వైపు ఒక డీటీపీ షాపులో పేజీకింత అని బేరం. ఆ అబ్బాయి అను ఫాంటులో కొట్టి ఇచ్చాడు. అచ్చు తీస్తే ముత్యాల్లా ఉంది. ఒక పోటీకి ఈమెయిల్లో పంపితే వాళ్ల కంప్యూటర్లో అదంతా పిచ్చి గీతల్లా వచ్చిందట, యూనికోడులో పంపమన్నారు. మార్చితే ఒత్తులన్నీ ఎగిరిపోయాయి. "భర్త" అన్న చోటల్లా "భరత" అయింది. మూడు వందల పేజీల్లో భర్తల్ని వెతికి వెతికి సరిచేశాను. ఇంట్లో ఒక్కణ్ణి సరిచేయడమే కష్టమనుకుంటే! ఎంతోమంది రచయిత్రులు నవలలు వదిలేసిన చోటు ఇదేనని నా అనుమానం. దీని గురించి ఏ సాహిత్య సభలోనూ ఎవరూ మాట్లాడరు, అక్కడ మాట్లాడేది ఆధునికోత్తరత గురించి.

పోటీలో రాలేదు. రాకపోవడం తప్పు కాదు. పోటీల వల్ల మంచి నవలలు బయటికొచ్చాయి. చంద్రలత "రేగడి విత్తులు" తానా పోటీలో 1997లో గెలవకపోతే, కోస్తా నుంచి తెలంగాణకి వలస వచ్చిన రైతుల కథ అంతమందికి చేరేదా? మా వర్ని, బోధన్ చుట్టుపక్కల క్యాంపుల్లో అలాంటి కుటుంబాలు నిజాంసాగర్ నీళ్ల వెనకే వచ్చి ఉన్నాయి. ఆ పుస్తకం మా వీధిలో చేతులు మారుతూ తిరిగింది. కాకపోతే పోటీలో ఓడినవాళ్లకి ఒక్క వాక్యం రాసే ఓపిక నిర్వాహకులకి ఉండదు. "అందింది, తీసుకోలేదు" అని రెండు మాటలు. పదకొండు నోటుబుక్కులకి రెండు మాటలు ఎక్కువా?

ఒక పెద్దమనిషి మాత్రం చదివాడు. చదివి, "బాగుందమ్మా, కాని మీ యాస సంభాషణల్లో ఉంచి, కథనం మామూలు తెలుగులోకి మార్చు" అన్నాడు. మామూలు తెలుగంటే ఏ జిల్లాదని అడిగితే కోపం వచ్చింది. సరేనని మార్చాను. రెండేళ్ల తర్వాత ఇంకో పెద్దమనిషి చదివి, "ఇప్పుడు యాసకే గిరాకీ. ఇందులో తెలంగాణ సరిపోలేదు, ఇంకాస్త దట్టించు" అన్నాడు. కూరలో కారం చెప్పినట్టు! మా ఇంట్లో అత్తమ్మ ఒక తెలుగు, పక్కింటి క్యాంపు పిన్నిగారు ఒక తెలుగు, కూరగాయలమ్మే ఆమె మరాఠీ కలిపిన తెలుగు, కాటా దగ్గర గుమస్తా ఉర్దూ కలిపిన తెలుగు మాట్లాడతారు. నా నవలా అంతే మాట్లాడింది. చివరికి మొదటి నోటుబుక్కులే మళ్లీ తీసి, అట్లాగే ఉంచాను.

ఇలా విసిగి ఉన్న సమయంలో, 2021లో, ఫోను మోగింది. ఎంత మర్యాద! "మేడమ్, మీ నవల గురించి విన్నాం. మీలాంటి గ్రామీణ రచయిత్రుల్ని ప్రపంచానికి పరిచయం చేయడమే మా ధ్యేయం." ఇన్నేళ్లలో నన్నెవరూ రచయిత్రి అనలేదు. ఆ ఒక్క మాటకి పడిపోయాను. వాళ్లకి వెండి ప్యాకేజీ, బంగారు ప్యాకేజీ, ప్లాటినం ప్యాకేజీ ఉన్నాయి. ప్లాటినంలో 300 కాపీలు, ముఖచిత్రం, ఐఎస్‌బీఎన్ నంబరు, కాపీరైటు, దేశమంతా పంపిణీ, ఆవిష్కరణ సభ, పైగా "అంతర్జాతీయ ఏజెంటుకి సమర్పణ". 60 వేలు. మా ఆయనకి చెప్పలేదు. లెక్క వేస్తాడని. గొలుసు తాకట్టు పెట్టాను. కొంగు కప్పుకుని తిరిగాను. అత్తమ్మ కళ్లు మాత్రం రెండోరోజే కనిపెట్టాయి. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. ముఖచిత్రం మీద చెరుకు తోట బదులు వెదురు తోట ఉంది. 114వ పేజీ తర్వాత 131వ పేజీ. దేశమంతా పంపిణీ అంటే 290 కాపీలు లారీ పార్సిలులో మా ఇంటికి పంపడం. మిగతా 10 ఏ దేశానికి పోయాయో తెలియదు. ఆ అట్టపెట్టెలు బియ్యం బస్తాల పక్కన మంచం కింద పెట్టాం. వానాకాలంలో చెదలు పట్టాయి. నా నవలని ముందుగా ఆసాంతం చదివింది ఆ చెదపురుగులే.

ఆ తర్వాతే, కోపంతో, నేను చట్టాలు చదవడం మొదలుపెట్టాను. బి.ఏ. చదివిన ఫలితం అప్పటికి దక్కింది. మీరూ వినండి, మీ ఇంట్లోనో వీధిలోనో నవల రాసే పిల్ల ఉండే ఉంటుంది.

ఐఎస్‌బీఎన్ అనే నంబరుకి ఆ ప్యాకేజీలో వేలు లెక్కగట్టారు. దాన్ని మన దేశంలో కేంద్ర విద్యాశాఖ కిందున్న రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది. ఎంత తీసుకుంటుందో తెలుసా? ఒక్క పైసా తీసుకోదు. ఉచితం! రచయిత తన పేరు మీదే అడగవచ్చు. ఇక కాపీరైటు. "మేం మీకు కాపీరైటు ఇప్పిస్తాం" అంటే, నీ బిడ్డకి నువ్వే తల్లివని కాగితం ఇప్పిస్తామన్నట్టు. 1957 చట్టం ప్రకారం నువ్వు రాసిన క్షణానే అది నీది. నువ్వు పోయాక కూడా 60 ఏళ్లు నీ వాళ్లది. రిజిస్ట్రేషను సాక్ష్యానికి పనికొస్తుందంతే. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతలో ఉండాలి, నీ సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకేనని, ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకేనని ఆ చట్టంలో 19వ సెక్షనే చెబుతోంది. తీసుకున్నవాడు ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే గడువు లేకపోతే, హక్కు తిరిగి నీ దగ్గరికే వస్తుంది. ఇంత మంచి సెక్షను పెట్టుకుని మనం "సర్వహక్కులు శాశ్వతంగా" అన్న చోట సంతకాలు పెట్టేస్తున్నాం, పసుపు కుంకుమ తీసుకున్నంత తేలిగ్గా.

ఇంకో చట్టం మా ఇంటి చట్టం. 1966 చెరుకు నియంత్రణ ఉత్తర్వు. రైతు చెరుకు అప్పగించిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బివ్వాలి. ఇవ్వకపోతే ఏడాదికి నూటికి 15 చొప్పున వడ్డీ కట్టాలి. ఆ 14 రోజులు ఎన్ని నెలలవుతాయో ఏ చెరుకు రైతునైనా అడగండి, చట్టంలో రాసినంత మాత్రాన చేతికి రాదు. కాని రాసి ఉంది! అడగడానికి ఒక ముఖం ఉంది. నేననేదేమిటంటే, మా నాయిన ఎంత చదువులేనివాడైనా, కాటా దగ్గర బండి నిలబెట్టి, "అయ్యా, నా చెరుకు గానుగాడించండి, ఇదిగో 60 వేలు" అని ఎన్నడూ ఎదురు డబ్బివ్వలేదు. ఆయన బి.ఏ. చదివిన కూతురు ఇచ్చింది.

ఇక్కడ ఒక మాట ఎదురొస్తుందని తెలుసు. "ఏమమ్మా, సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తప్పా? రంగనాయకమ్మ తన పుస్తకాలు తానే వేసుకోలేదా? నువ్వే ఆళ్వారుస్వామిని పొగిడావే?" వేసుకున్నారు. ప్రెస్సువాడికి అచ్చు ఖర్చు ఇచ్చి, కాగితం ఖర్చు ఇచ్చి, పుస్తకం, హక్కూ, అమ్మిన డబ్బూ అన్నీ తమ దగ్గరే ఉంచుకున్నారు. అది వ్యవసాయం. నేను చేసింది వేరు. ఖర్చంతా నాది, కర్మంతా నాది, హక్కు మాత్రం వాళ్లది, పేరు మాత్రం "ప్రచురణకర్తలు". ప్రెస్సు బిల్లు వేరు, ప్యాకేజీ వేరు. కావాలంటే మీ ఊరి ప్రెస్సులో ధర అడగండి, పక్కపక్కన పెట్టి చూడండి. మా ఆయన చూశాడు, చివరికి తెలిశాక. 300 కాపీలకి అయ్యే ఖర్చుకి రెండింతలు పైగా ఇచ్చానని లెక్క తేల్చాడు. తిట్టలేదు. "ప్లాటినం కదా" అన్నాడు.

సాహిత్యంలో డబ్బు మాట ఎత్తకూడదనే పెద్దలున్నారు. వాళ్లతో కూడా నాకు తగువే. "సరస్వతికీ లక్ష్మికీ పడదమ్మా" అంటారు. అనేవాళ్లలో చాలామందికి నెలనెలా జీతమో పింఛనో వస్తుంది. ఉద్యోగం లేని ఆడమనిషి ఆ మాట వింటే, ఆమెకి అర్థమయ్యేది ఒక్కటే. నువ్వు వంట చేసినా ఊరికే, పిల్లల్ని పెంచినా ఊరికే, నవల రాసినా ఊరికే. పోనీ ఊరికే అయినా నయం, ఇప్పుడు ఎదురు కట్టమంటున్నారు! భార్య ముచ్చట తీర్చానని పుస్తకానికి డబ్బిచ్చి, ఆవిష్కరణ సభలో శాలువా కప్పించుకునే భర్తలు కూడా తయారయ్యారు. ముచ్చట కాదండీ, అది పని. పదకొండు నోటుబుక్కుల పని.

పత్రికలవారినీ వదలను. ఈ వాక్యం సంపాదకులు కత్తిరించకుండా ఉంటే వారికి ముందే నమస్కారం. ఏడాదికి ఒక్క సీరియల్ మొదటి నవల రాసేవాళ్లకి కేటాయించండి. ఒక్కటి! 2025లో అంతర్జాతీయ బుకర్ తెచ్చుకున్న కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ మన పొరుగావిడే. 50 వేల పౌండ్లు, ఆవిడకీ అనువాదకురాలు దీపా భస్తికీ చెరి సగం. అందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ లంకేశ్ పత్రికలో పనిచేసిన మనిషి అని, ముప్ఫై ఏళ్లకి పైగా తన భాషలో రాసిన కథలవి అని ఎంతమంది గమనించారు? బుకర్ లండన్‌లో ఇచ్చారు గాని, ఆవిడ రాతని మోసుకొచ్చింది కన్నడ పత్రికలూ కన్నడ పాఠకులూనూ. తెలుగు రచయిత్రికి లండన్ ఏజెంటు కావాలో వద్దో తర్వాత చూద్దాం. ముందు నిజామాబాద్ బస్టాండులో ఆమె పుస్తకం దొరకాలి.

ఇక మిగిలింది మీరు. కోపం తెచ్చుకోకండి, నేనూ మీలో దాన్నే. పుస్తకం వచ్చిందని తెలియగానే మనం అనే మొదటి మాట ఏమిటి? "నాకో కాపీ ఇవ్వవూ!" పిండివంటలు చేసినప్పుడు రుచికి పెట్టమన్నట్టు. పెళ్లికి కట్టిన చీర ఖరీదు నలుగురికీ చెప్పుకుంటాం, బ్లౌజు కుట్టినందుకు అయిదొందలిస్తాం, నవల మాత్రం ఊరికే కావాలి. మా అమ్మ తరం ఇలా ఉండేది కాదు. ఇంటి ఖర్చులో మిగిల్చిన చిల్లర అద్దె పుస్తకాల షాపుకి ఇచ్చేవాళ్లు. ఆ చిల్లరే కౌసల్యాదేవినీ సులోచనారాణినీ నిలబెట్టింది. ఏ ఏజెంటూ కాదు. కొనలేని వాళ్లుంటే ఇంకో దారి ఉంది. ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్లూ అందులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. ఆ పైసలతో మీ లైబ్రరీలో కొత్త రచయిత్రుల పుస్తకాలు ఏం కొన్నారో వెళ్లి అడగండి. నేను అడిగాను. అక్కడి గుమస్తా నన్ను వింతగా చూసి, అడిగినవాళ్లు ఈ మధ్య లేరని చెప్పి, చిట్టీ మీద పేరు రాసుకున్నాడు.

నా నవల చివరికి వచ్చింది. ఎలాగంటే, గొప్ప మలుపేమీ లేదు. కొత్తగా మొదలైన ఒక చిన్న ప్రచురణ సంస్థకి మూడు ప్రకరణాలూ ఒక పేజీ సారాంశమూ పంపాను. యూనికోడులో, భర్తలందర్నీ సరిచేసి. పాత ఒప్పందం అయిదేళ్ల గొడవ తేల్చుకోవడానికి బోధన్‌లో ఒక లాయరు చేత నోటీసు ఇప్పించాల్సి వచ్చింది. ఆయన ఫీజు తీసుకోలేదు, పుస్తకం వచ్చాక కొంటానన్నాడు. (కొన్నాడు. నిజంగా.) ఆ ప్రచురణకర్తలు నాలుగు నెలలు పలకలేదు. తర్వాత ఒకమ్మాయి ఫోను చేసి, నవల బాగుంది, కాని 80 పేజీలు తీసేయాలంది. ఏ 80 అంటే లెక్కగా చెప్పింది. వారం రోజులు ఏడ్చి, ఎనిమిదో రోజు చదివి చూస్తే ఆ అమ్మాయి చెప్పిందే నిజం. ఇన్నేళ్లలో నా నవలని సంపాదకుల కళ్లతో చూసిన మొదటి మనిషి ఆ పిల్ల. ప్లాటినం ప్యాకేజీలో అన్నీ ఉన్నాయి గాని అదొక్కటీ లేదు. రెండు పేజీల ఒప్పందం. నూటికి 10 రాయల్టీ, ఏడాదికోసారి లెక్క, అయిదేళ్లు గడువు, అనువాదం, సినిమా హక్కులు నావి. నా చేతి నుంచి ఒక్క రూపాయి పోలేదు. 500 కాపీలు వేశారు, హారీ పోటర్‌కి వేసినన్ని.

రచయితకి ఊరికే ఇచ్చేవి 10 కాపీలు. అవి వచ్చిన రోజు పక్కింటి క్యాంపు పిన్నిగారు వచ్చి, "ఏమ్మా, నాకో పుస్తకం తీసి పెట్టావా?" అంది. నేను మొహమాటపడి లోపలికి వెళ్లి ఒక కాపీ తెచ్చేలోగా మా అత్తమ్మ గుమ్మంలో అడ్డంగా కూచుని ఉంది. 

"రెండొందలు వదినా."

"అదేంటండీ, మనలో మనకి..."

"మీ బర్రె పాలు నాకు ఊరికె పోస్తున్నవా? లీటరుకు డెబ్బై తీస్కుంటలేవా? తియ్, తియ్."

పిన్నిగారు నవ్వుతూ పర్సు కోసం వెనక్కి వెళ్లింది. అత్తమ్మ ఆ రెండొందల నోటు కొంగున ముడేసుకుంది. గొలుసు విడిపించడానికి ఇంకా ఎంత కావాలో సాయంత్రం మా ఆయన్ని అడుగుతుందట.